నక్షత్రం ఈ ఏడు ఎవరింటికి?

మా పెద్దమ్మ పోయిందని రోలుగుంట బళ్ళో పాఠం చెబుతుండగా కబురొచ్చింది. కుట్టుమిషను మీదే తల వాల్చేసిందట. మా సంఘంలో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ఆమె విషయంలో నాకు ఆ మాట నోట రావడం లేదు. తెల్లారకముందే లేచి, తన వాకిలితోపాటు పక్కవాళ్ళ వాకిలి కూడా ఊడ్చేసే మనిషి నిద్రపోవడమేమిటి?

ఆమె మా అమ్మకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. అనకాపల్లిలో మా చర్చి ఉన్న వీధిలోనే ఉంటూ జాకెట్లు కుట్టి బతికింది. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో నేను ఆమె దగ్గరే ఉన్నాను. నాకు మొదటినుంచీ ప్రశ్నల జబ్బు. ఆమెకేమో జవాబు చెప్పే ఓపిక తక్కువ. ఏది అడిగినా "సూడు, తెలుత్తాది" అనేది.

ఏటా డిసెంబరులో వెదురుబద్దలు చీల్చి, మైదా ఉడికించి, రంగు కాగితాలు అంటించి పెద్ద నక్షత్రం చేసేది. చేసి మా ఇంటికి కట్టేది కాదు! ఆ ఏడు వీధిలో ఎవరింట బిడ్డ పుడితే వాళ్ళ చూరుకు కట్టేది. మనవాళ్ళా, హిందువులా, సాయిబులా అని చూసేది కాదు. పండుగనాడు ఆరాధన కాగానే సంఘమంతా పాడుకుంటూ ఆ ఇంటికి వెళ్ళి, బిడ్డను చూసి, తల్లి చేతిలో తలా ఒక బెల్లం ముక్క పెట్టి రావాలి. ఒక ఏడు గాజుల సాయిబు గారింటికి వెళితే, ఆయన మా పాటలకు తలూపుతూ అందరికీ టీ ఇప్పించారు. ఎక్కడిదీ ఆచారం అని నేను అడిగితే, నక్షత్రం ఎక్కడ ఆగిందో బైబిల్లో చదువుకోలేదా అని నన్నే అడిగింది.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు చిక్కొచ్చి పడింది. వీధిలో ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఒకడు మా సంఘపెద్ద గారి మనవడు. రెండోది వీధి చివర చేపలమ్మే ఆమె కూతురికి పుట్టిన ఆడపిల్ల. తండ్రెవరో ఆ తల్లి చెప్పలేదు. బిడ్డను చూడ్డానికి ఒక్కరూ వెళ్ళలేదు. పిల్లను ఎవరికైనా ఇచ్చేసి ఊరు వదిలి పోదామని తల్లీకూతుళ్ళు అనుకుంటున్నారని వీధిలో చెప్పుకున్నారు.

పిలవనిదే ఎవరి గడపా తొక్కని మనిషి సంఘపెద్ద గారు. ఆయన ఇంటికి వెల్ల వేయించి, నక్షత్రం కోసం మేకు కూడా కొట్టించి ఉంచారు. పెద్దమ్మ నక్షత్రం పట్టుకుని ఆ మేకు ముందునుంచే నడిచి వెళ్ళి చేపలామె పాకకు కట్టింది. ఆయన మండిపడుతూ మా ఇంటికొచ్చారు. సంఘం పరువేం కాను, ఆ గుమ్మంలోకి ఎవరొస్తారు అని నిలదీశారు. పెద్దమ్మ మిషను తొక్కడం ఆపింది.

"మరియమ్మని సూసి నజరేతోళ్ళు ఏటనుకున్నారో బైబిల్లో రాయలేదు బావా. రాయకపోయినా నాకు తెలుసు."

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయారు. నక్షత్రం కట్టాక ఎవరూ రాకపోతే ఆ తల్లిని వీధిలో నిలబెట్టి అవమానించినట్టే కదా అన్నాను.

"నాకూ బయమేత్తన్నాదే," అంది. "ప్రభువు మాత్రం మనం పిలిత్తే వచ్చేడా? పిలవకుండానే మన మద్దికి వచ్చేడు. పండగంటే అదే. పిలుపు కోసం కూకుంటే ఇంక పండగేటి?"

పండుగనాడు ఆరాధన అయింది. పెద్దమ్మ కొంగున బెల్లం కట్టుకుని నడిచింది. ఆమె వెనక నేను. నా వెనక పాట లేదు, ఎవరూ లేరు. పాకలో ఆ తల్లి బిడ్డను బొంత మీద పడుకోబెట్టుకుని తల దించుకు కూర్చుంది. పెద్దమ్మ ఆమె చేతిలో బెల్లం పెట్టి, నేల మీద కూలబడి ఒక్కతే పాడటం మొదలుపెట్టింది. ఆమె గొంతు ఏమంత బాగుండేది కాదు, పాపం. రెండో చరణంలో గుమ్మం దగ్గర ఒక మగగొంతు కలిసింది. చూస్తే సంఘపెద్ద గారు! ఆయన వెనక మనవణ్ణెత్తుకున్న కోడలు, ఆమె వెనక సంఘం. కోడలు తన కొడుకును తెచ్చి ఆ ఆడబిడ్డ పక్కనే, అదే బొంత మీద పడుకోబెట్టింది.

ఆయన ఎందుకు వచ్చారో నాకిప్పటికీ తెలియదు. ఎన్నిసార్లు అడిగినా పెద్దమ్మ "వచ్చేడు కదే" అనే అంది. చేపలామె కుటుంబం ఎక్కడికీ పోలేదు. ఆనాటి పసిబిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి చదువుతోంది.

పండుగ సెలవులకు మొన్న అనకాపల్లి వెళ్ళాను. ఇక నక్షత్రం చేసేవాళ్ళెవరున్నారు అనుకుంటూ వీధి మలుపు తిరిగాను. ఎదురుగా సంఘపెద్ద గారు. చంకలో నక్షత్రం, చొక్కా నిండా ఆరని మైదా జిగురు. ఎవరిదో తలుపు తట్టి, గడప బయట నిలబడి అడుగుతున్నారు.

"మీ ఇంట్లో ఈ ఏడు పసిబిడ్డ గానీ ఉన్నాదా అమ్మా?"