హీరో పక్కన నిలబడ్డ చెవి

1983లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా చేరాను. మైసూరులో చదివి, ఇక్కడికొచ్చి మళ్లీ పరీక్షలు రాసి సంపాదించుకున్న ఉద్యోగం. ఆడియాలజిస్టు అంటే డాక్టరు కాదు. ఏ చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచి, చార్టు గీసి డాక్టరు చేతికిచ్చే మనిషి. మా డాక్టరు రామ్మోహన్ గారిది గుంటూరు. రోగులతో ఇంగ్లీషు, నాతో తెలుగు, పార్కింగ్ దొరకని రోజున రెండూ కలిపి మాట్లాడేవారు.

చుట్టుపక్కల స్టూడియోలు ఉండడంతో మాకు సినిమావాళ్ల ఇన్సూరెన్సు కేసులు వచ్చేవి. షూటింగ్ మొదలయ్యే ముందు ముఖ్య నటులకు వైద్య పరీక్ష చేయించడం అక్కడి పద్ధతి. నటుడు మధ్యలో మంచం పడితే నష్టం భరించేది ఇన్సూరెన్సు కంపెనీ. అందుకని వాళ్లు సరే అనందే ఎంత పెద్ద నటుడికైనా పాత్ర ఖాయం కాదు.

అలా వచ్చారు ఒక పెద్దాయన. రోగి పేరు బయటపెట్టకూడదన్నది మా వృత్తి నియమం, ఇప్పుడూ పెట్టను. పాత కౌబాయ్ సినిమాల్లో నటించారట. నేను ఆనవాలు పట్టలేదు. డాక్టరు గారు మాత్రం నన్ను పక్కకు పిలిచి ఎగిరి గంతేసినంత పని చేశారు.

“ఏమ్మా సుగుణా, రికగ్నైజ్ చెయ్యలేదా? గుంటూరులో నేల టికెట్‌లో చూశానమ్మా ఈయన్ని! హీరో పక్కనే ఉంటాడు చూడు, లాస్ట్‌లో చచ్చిపోతాడు!”

ఆ పెద్దాయనకు ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి ప్రధాన పాత్ర దొరికింది. అందులో ఆయన చచ్చిపోడు కూడా. కానీ నటులందరూ బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదివినప్పుడు, ఎడమ వైపు కూర్చున్నవాళ్లు డైలాగు అందిస్తే ఈయన అందుకోలేదు. దర్శకుడికి అనుమానం వచ్చి పరీక్షకు పంపాడు. నా చార్టు బాగుంటే పాత్ర ఆయనది. లేదంటే ఇంకొకరిది.

ఆయన్ని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. బయట మిషను దగ్గర నేను, మధ్యలో అద్దం. శబ్దం వినిపించినప్పుడల్లా ఆయన బటన్ నొక్కాలి, నా దగ్గర దీపం వెలగాలి. రెండు చెవులకూ దీపం ఠంచనుగా వెలిగింది. చార్టు చూస్తే కుర్రవాడి చెవులు. బయటికొచ్చాక ఎడమ పక్కనుంచి కాఫీ తాగుతారా అని అడిగాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉండిపోయారు.

నాకు భలే కుతూహలం కలిగింది. మిషను చెడిపోయిందా, మనిషి మాయ చేస్తున్నాడా? మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి శబ్దం ఏదీ పంపకుండా ఊరికే మీట మీద వేలు కదిపి, కళ్లు కిందికి దించాను. దీపం వెలిగింది. దొంగ దొరికాడు! అద్దంలోంచి ఆయన నా ముఖం చదువుతున్నారు. నా కనురెప్ప వాలగానే బటన్ నొక్కుతున్నారు. రోగికి పరీక్ష చేసేవాళ్ల చేతులు కనిపించకూడదని పుస్తకాల్లో ఉంటుంది. కనురెప్పల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

నా కుర్చీ తిప్పి, ఆయన వైపు వీపు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. కుడి చెవి వయసుకు తగ్గట్టుగా ఉంది. ఎడమ చెవి గీత మాత్రం సన్నటి, కీచుమనే శబ్దాల దగ్గరికొచ్చేసరికి గోతిలో పడ్డట్టు దిగిపోయింది. తుపాకీ మోతల మధ్య పనిచేసినవాళ్ల చార్టులో కనిపించే గొయ్యి అది. సినిమా తుపాకీలో గుండు ఉండదు గానీ మోత ఉంటుంది. కుడి భుజానికి రైఫిలు ఆనించి కాల్చేవాళ్లకు ఎడమ చెవి ఎక్కువ పోతుందని చదువుకున్నాను. అదే ఆయనతో గొప్పగా చెప్పాను, మీరు చాలా రైఫిళ్లు కాల్చి ఉంటారని.

ఆయన పగలబడి నవ్వారు. తన చేతికి తుపాకీ ఎవరిచ్చారని అడిగారు. కాల్చేది హీరో. ఆ హీరోకి తన ఎడమ చెంప మీద మోజు. కెమెరా ఎప్పుడూ ఆ చెంపనే చూడాలని పట్టుబట్టేవాడట. హీరో కుడివైపుకు తిరిగితేనే ఎడమ చెంప కెమెరాకు కనబడుతుంది. కాబట్టి హీరో స్నేహితుడిగా వేసే ఈయన ఎప్పుడూ అతనికి కుడిపక్కనే నిలబడాలి. హీరో తుపాకీ పట్టేదీ కుడిచేత్తోనే. ప్రతి సినిమాలో ఆ మోత ఈయన ఎడమ చెవి పక్కనే. మరి నా కనురెప్ప ఎలా కనిపెట్టారంటే, జీవితమంతా హీరో మాట్లాడుతుంటే వింటున్నట్టు ముఖం పెట్టడమే తన ఉద్యోగమని చెప్పారు.

తర్వాత గొంతు తగ్గించి, మొదటి చార్టే పంపమని అడిగారు. కుదరదన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. నటన కాదని నాకు తెలుస్తూనే ఉంది. చాలా బాధగా అనిపించింది.

డాక్టరు గారితో చెబితే ఆయన తల పట్టుకున్నారు. “అబద్ధం రాస్తే లైసెన్స్ పోద్ది. నిజం రాస్తే ఈయన రోల్ పోద్ది. ఏం చేద్దామమ్మా?”

“నిజమే రాద్దాం సర్. కానీ వినికిడి లాస్ ఎంతో చెప్పి ఆపెయ్యొద్దు. ఎటునుంచి మాట్లాడితే వినిపిస్తుందో అది కూడా రాద్దాం” అన్నాను.

కుడి చెవితో మామూలు సంభాషణ అందుతుంది, ఎదుటి నటుడు ఆయనకు కుడిపక్కన ఉంటే చాలు, దగ్గరలో తుపాకీ పేల్చకూడదు. ఇలా రాసి రెండో చార్టు జతచేశాం. డాక్టరు గారు సంతకం పెట్టి, ఇన్సూరెన్సు వాళ్లకు స్వయంగా ఫోన్ చేసి వాదించారు. ఆ షరతుల మీద వాళ్లు ఒప్పుకున్నారు.

షూటింగ్ మధ్యలో పెద్దాయన మళ్లీ చెవి పరీక్షకు వచ్చారు. కుర్చీలో కూర్చోగానే ఎడమ చెంప నావైపు తిప్పి, ఎలా ఉందని అడిగారు. మా రిపోర్టు చూసి దర్శకుడు ప్రతి సీనులోనూ ఎదుటివాళ్లను ఆయనకు కుడిపక్కన పెట్టాడట. దాంతో ఒకప్పుడు హీరో నిలబడిన చోట ఈయన నిలబడ్డారు, కెమెరాకు ఎడమ చెంప చూపిస్తూ. హీరోకేసి తిరిగి నిలబడడంతో తెర మీద ఇన్నాళ్లూ కనిపించింది కుడి చెంపే కాబట్టి, మేకప్ మనిషి ఈ రెండో చెంపను కొత్త నటుణ్ని చూసినట్టు చూస్తున్నాడని చెప్పారు. చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను తల వంచుకుని హెడ్‌ఫోన్స్ సర్దాను.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు చెవి పోయినవాళ్లను ఏం పని చేశారని అడిగి ఊరుకోలేదు. ఆ పని చేస్తూ ఎవరి పక్కన నిలబడ్డారని కూడా అడిగాను.