బస్సు చూసి ఎంచిన బడి

మనుషులు బిడ్డకు బడిని చదువు చూసి ఎంచుతారు. నేను బస్సు చూసి ఎంచాను. మస్కట్‌లో కూలీల బస్సు నడిపేవాడి తెలివి అంతవరకే ఆగింది.

మాది ముత్యంపేట దగ్గర ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక తీపి పోయి మాకు ఎడారి మిగిలింది. నేను రెండేళ్లకోసారి వచ్చే చుట్టాన్ని. మా ఆవిడ ఒక్కతే బడుల వెంట తిరగడం కష్టం. అందుకని నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఒకే బడి కావాలనుకున్నాం. హాస్టలు మాత్రం వద్దు. ఇంటికి దూరంగా నేనొక్కణ్ణి చాలు. పొద్దుగూకకముందే బిడ్డ తల్లి దగ్గరికి చేరాలి, అంతే.

మా అక్క జగిత్యాల అంది. అత్తగారు సిరిసిల్లలో తన దగ్గరే ఉంచుకుంటానంది. నేను వీడియో కాల్‌లో కోరుట్ల బడిని చూశాను. మా ఆవిడ తరగతి గదులు చూపిస్తోంది.

"గవి తర్వాత. ఫోను జర బస్సు దిక్కు తిప్పు."

పసుపు బస్సు, కొత్త టైర్లు! "సీటు తీస్కో" అన్నాను.

"బిడ్డ చదివేది బడిలనా, బస్సులనా?" అంది.

రూటే నా బతుకుతెరువు; ఆ రూటు ఒక్కటే అడగలేదు. బస్సు ఊళ్లన్నీ చుట్టి వచ్చేది. పొద్దున అందరికంటే ముందు ఎక్కేది మా బిడ్డ, సాయంత్రం అందరికంటే చివర దిగేదీ తనే. చీకటి పడ్డాక, నిద్రలో, తల్లి భుజం మీద ఇల్లు చేరేది.

మా ఆవిడ బడికి పోయి బస్సుల ఇన్‌ఛార్జి సారును బతిమాలింది. ఆయన అదే బస్సులో చివరి ఊళ్లో ఎక్కి, సాయంత్రం అందరికంటే ముందు దిగిపోయేవాడు.

"ఒక్క పిల్ల కోసం రూటు మారుస్తరామ్మా? గంత బాధైతే మీ ఆయననే అచ్చి నడుపుమను!"

మరుసటి ఏడు మా కంపెనీ మూతపడింది. ఊరికి వచ్చి, నిజంగానే ఆ బస్సుకు డ్రైవరుగా చేరాను.

"ఒక ఏడు అటునుంచి తిప్పిండ్రు మేడం, ఈ ఏడు ఇటునుంచి తిప్పుదాం" అన్నాను ప్రిన్సిపాల్‌తో. ఆమె నవ్వి సరేనంది.

మొదటి సాయంత్రం మా ఊళ్లో బస్సు ఆగేసరికి ఇంకా ఎండ ఉంది. బిడ్డ దూకినట్టే దిగి, "డ్రైవర్ డాడీ, టాటా!" అని అరుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తింది. మా ఆవిడ చేతులు చాచి నవ్వుతోంది. ఆ నవ్వు వీడియో కాల్‌లో ఎన్నడూ అంత పెద్దగా కనబడలేదు.

పిల్లలంతా ఒక్కొక్కరే దిగిపోయారు. మిగిలింది ఇన్‌ఛార్జి సారు ఒక్కరే. చీకటి పడుతోంది.

"ఇంకెంత దూరమయ్యా?"

"చానా ఉంది సార్. జర కునుకు తీయుండ్రి."

ఆయన తల కిటికీకి ఆనించి కళ్లు మూశాడు. ఇక ఆయన ఊరిదాకా రోడ్డు మీద నేను ఒక్క గుంతనూ వదల్లేదు.