గాజు మీద రాముడి కోసం ధవళేశ్వరం వెళ్ళాను

మా ఊరు రామచంద్రపురానికి రెండు కోసుల దూరం. నాకున్నవి కొద్దిపాటి వరిచేను, వీధిబడి చదువు, బొమ్మలు వేసే పిచ్చి. మా భజన మందిరంలో రాములవారి పటం ముప్పై ఏళ్ళుగా నేనే వేస్తున్నాను. పసుపు, జేగురు, నీలిమందు, దీపపు మసి తుమ్మజిగురులో కలిపి గుడ్డ మీద వేస్తాను. కాలువలు వచ్చాక మా చేలకు నీళ్ళొచ్చాయి, గోడలకు చెమ్మా వచ్చింది. ఏటా వానలకు పటం బూజు పట్టడం, శ్రీరామనవమికి నేను మళ్ళీ కొత్తది వెయ్యడం. ఈసారి స్వామి ముఖమే పోయింది. మునసబు గారు నన్ను పిలిచి, "ఏమీ అనుకోకండి. రాజమండ్రిలో అచ్చు పటాలు అమ్ముతున్నారంట. ఒకటి తెచ్చేద్దాం. మీక్కూడా పెద్దతనం వచ్చేసింది కదండీ," అన్నారు. మంచి మాటే. నేను ఆ పటాన్ని గోడ మీంచి దించి, చుట్టి చంకన పెట్టుకున్నాను. "నవమి దాకా ఆగండి," అని మాత్రం అన్నాను. అప్పటికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

సరంగు సింహాద్రి పడవలో గాజు పలక మీద వేసిన నెమలి బొమ్మ ఒకటి ఉంది. ఆరేళ్ళుగా నీళ్ళ మీదే తిరుగుతోంది, రంగు చెదరలేదు. అది ఎవరు వేశారో కనుక్కుందామని శనివారం తెల్లవారుతుండగానే కాలువ రేవుకు వెళ్ళాను. ధవళేశ్వరానికి మనిషికి నాలుగణాలు. ఎదురు నీరు కాబట్టి ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగుతారు. మధ్యాహ్నానికి కడియం లాకు దాటాం. లాకులో నీరు నిండి పడవ పైకి లేచేదాకా అరగంట పట్టింది. చద్దిమూట అక్కడే విప్పుకున్నాను.

సింహాద్రి చుట్ట వెలిగించి నెమలిని చూపించాడు. "సామ్యేలు గారని, ధవళేశ్వరం కాలవల ఆపీసులో గుమాస్తా అండి. సెలవొస్తే చాలు, చేతికి దొరికిన దాని మీదల్లా బొమ్మలేత్తారు. రేకండి, తాటాకండి, పెంకండి. నా పడవ తెడ్డు అడిగారు, నేనివ్వలేదు."

"నేర్పుతారా?"

"మీరు నోరు తెరిచి అడిగితే నేర్పుతారండి. అక్కడికెళ్ళి కూడా ఇలాగే కూర్చుంటే ఎలాగండి తాతగారూ!"

పొద్దు వాలేసరికి ధవళేశ్వరం చేరాను. ఆ రాత్రికి సత్రంలో దిగి, ఆదివారం సామ్యేలు గారు చర్చి నుంచి వచ్చే వేళకు వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఊరికే కూర్చున్నాను. ఆయన భార్య రూతమ్మ గారు రెండుసార్లు తొంగి చూసి, "నీటిపన్ను సంగతైతే ఆపీసు అవతలండి," అన్నారు. నేను వెంట తెచ్చిన బూజు పట్టిన పటం విప్పి చూపించాను. సామ్యేలు గారు చెప్పులు విడవకుండానే వచ్చి దాని ముందు కూర్చున్నారు. "ఈ నీలం దేంతో చేశారండీ?" అని అడిగారు. ఇక నేను మాట్లాడక తప్పలేదు. గాజు మీద వెయ్యడం నేర్పమని అడిగాను.

వాళ్ళ ఇంటి వసారాను చూడటానికైనా ధవళేశ్వరం వెళ్ళాలి. కోడిగుడ్డు సొనతో కలిపిన రంగులు, చేప జిగురుతో కలిపినవి, అవిసె నూనెతో నూరినవి వేరువేరు పెంకుల మీద పూసి ఆరబెట్టారు. పగిలిపోయినవాటిని, కారిపోయినవాటిని కూడా పారెయ్యకుండా, ప్రతిదాని కింద ఏం కలిపారో, ఎన్ని రోజులకు పాడైందో రాసి పెట్టారు. నేను ముప్పై ఏళ్ళు ఒక్క జిగురుతోనే గడిపాను. "మా ఇంట్లో గుడ్డు కూరకు దొరకదండి, రంగుల్లోకి పోతుంది," అని రూతమ్మ గారు నవ్వారు. "ఇప్పుడు రాములవారు కూడా వచ్చారు. పాదిరి గారు చూస్తే ఏమంటారో!" సామ్యేలు గారు తలెత్తకుండా, "రంగు ఆరిందా అంటారు," అన్నారు.

సోమవారం నాలుగు మైళ్ళు బండిలో రాజమహేంద్రవరం వెళ్ళి గాజు పలకలు తెచ్చుకున్నాను. బండికి రెండణాలు. గాజుకు వెనకవైపు రంగు వేస్తే ముందువైపు నుంచి బొమ్మ కనబడుతుంది. చెమ్మ రంగును తాకదు. బుధవారం మధ్యాహ్నానికి చిన్న పలక మీద గీతలు గీసి, పైన నీలం పూసి స్వామి ముఖం పూర్తిచేసి, ఒక్క కళ్ళు మాత్రం మిగిల్చాను. ఆరిన నీలం మీద కళ్ళు దిద్ది పలక తిప్పి చూసుకుంటే కళ్ళు లేవు. నీలం వెనక ఉండిపోయాయి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన సామ్యేలు గారు చూసి, "గాజు మీద కళ్ళు ముందు దిద్దాలండి. పైన కనబడేదే ముందు, ఒంటిరంగు తర్వాత," అన్నారు.

"కుదరదండి," అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. "కళ్ళు ఆఖరునే దిద్దాలి. ఉపవాసం ఉండి దిద్దాలి. కళ్ళు తెరిచేదాకా అది రంగే, తెరిచాక స్వామి. ముందే తెరిస్తే ఆయన చూస్తుండగా ముక్కూ చెవులూ అతికించినట్టవుతుంది."

గాజు కావాలంటే నియమం పోవాలి, నియమం ఉండాలంటే గాజు పోవాలి. అచ్చు పటమే నయమని మూట కట్టుకోబోయాను. సామ్యేలు గారు వాదించలేదు. "ఒక్క రెండు రోజులు ఉండండి. ఇది నేనూ ఎప్పుడూ చెయ్యలేదు," అన్నారు.

ఆ రెండు సాయంత్రాలూ ఆయన పెంకుముక్కలు వదిలి గాజుముక్కలు పట్టుకున్నారు. కన్ను ఉండాల్సిన చోట ముందుగా గంజి చుక్క పెట్టి పైన రంగు వేశారు. గంజి ఊడదీస్తే చుట్టూ రంగు కూడా ఊడింది. జిగురు చుక్క పెడితే గట్టిపడి గాజును వదల్లేదు. శుక్రవారం తేనెమైనం పెట్టారు. రంగు కాస్త బిగిశాక తుమ్మముల్లుతో గిల్లితే మైనం చిన్న పొరలా లేచి వచ్చింది. నీలం మధ్య కంటి ఆకారంలో శుభ్రమైన గాజు. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని, "ఇదిగోనండి. మీ స్వామి ఎప్పుడు తెరవమంటే అప్పుడు తెరవండి," అన్నారు. నేను ఆయనకు నమస్కారం పెట్టాను. రూతమ్మ గారు కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు.

మరో వారం అక్కడే ఉండి పెద్ద పలక పూర్తిచేశాను. కళ్ళ చోట మైనం అలాగే ఉంచి, దిగువ నీటి పడవలో మధ్యాహ్నానికే ఇల్లు చేరాను.

నవమినాడు ఉపవాసం ఉండి, మందిరంలో పలకను పీట మీద నిలబెట్టించి వెనక కూర్చున్నాను. మునసబు గారు, ఊరివాళ్ళు ముందు కూర్చున్నారు. ముల్లుతో మైనం తీశాను. ముందు నల్లగుడ్లు పెట్టాను. అవి ఆరేదాకా వాళ్ళొక కీర్తన పాడారు. తర్వాత వాటి వెనక తెలుపు నింపాను. గుడ్డ మీద వేసినన్నాళ్ళూ స్వామి కళ్ళు తెరవగానే మొదట చూసింది నేను. ఈసారి నాకు కనిపించింది రంగుల వెనకభాగమే. వాళ్ళు అందుకున్న రెండో కీర్తన సగంలో ఆగిపోయింది. పలక అంచు మీదుగా చూస్తే మునసబు గారు లేచి నిలబడి ఉన్నారు, రెండు చేతులూ జోడించి. అచ్చు పటం మాట మళ్ళీ ఎత్తలేదు.

సామ్యేలు గారు మా స్వామిని కొలిచేవారు కారు. నా నియమంలో అర్థముందో లేదో కూడా ఆయన అడగలేదు. ఒక ముసలివాడికి అది కావాలి అని తెలుసుకుని, మూడోసారికి దారి కనిపెట్టారు. కొత్త పద్ధతి వస్తే పాతది వదులుకోవాలనే ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఆ భయంతోనే ముప్పై ఏళ్ళు కొత్తదాని జోలికి పోలేదు. అరవై దాటాక ఆ వసారాలో కూర్చుని నేర్చుకున్నందుకు కొంచెం సిగ్గు, చాలా సంతోషం.

వెళ్ళేవారికి ఒక మాట: బొమ్మ వేసిన గాజును ఊక నింపిన పెట్టెలో నిలబెట్టి తీసుకురండి. పడుకోబెట్టారో, లాకు గోడకు పడవ తగిలినప్పుడు నిలువునా చీలుతుంది.