పేపర్లో మరొకరు

బస్సు ప్రమాదంలో ఇద్దరు కుర్రాళ్లు పోయారు. వకీలుగారి అబ్బాయికి ఫొటో వేసి, అతని చదువూ ఆటలూ మంచితనమూ పేపరువాళ్లు సగం పేజీ రాశారు. రెండోవాడైన తన తమ్ముడి కోసం ఆ పేజీ అంతా గాలించిన, డిగ్రీ చదివే పిల్లకు, చివర్లో "మరొకరు" అన్న మాట ఒక్కటే దొరికింది. చనిపోయినవాణ్ని చూసి కుళ్లుకోవడమేమిటని సిగ్గేసినా, ఆమె కడుపుమంట ఆగలేదు.

"మనవాడి గురించి ఏం రాశారే?" అంది చదువు రాని అమ్మ.

పిల్ల ఆ పొగడ్తలన్నీ తమ్ముడి పేరు పెట్టి చదివేసింది. "ఈతలో కప్పు గెలిచాడు" అనగానే అమ్మ తలెత్తింది.

"వాడికి నీళ్లంటే భయం కదే!"

పిల్ల పేపరు మడవబోయింది.

అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "సరేలే, ఇంకోసారి చదువు. ఆ ఈత ముక్క మాత్రం వదిలెయ్."