మాస్టారి లెక్కలో అమ్మగారి కోపం

మా ఫిజిక్స్ మాస్టారు నిద్రలోనే పోయారు. ఆ సంగతి పొద్దున్నే మా వీధికంతా తెలిసిపోయింది. ఎవరూ కబురు పెట్టలేదు. వాళ్ళింట్లోంచి తిట్లు వినపడలేదు, అంతే.

మీరు నవ్వొద్దు. మాస్టారి భార్యను మేము అమ్మగారు అంటాం. ఆవిడ ఆయన్ని తిట్టని పొద్దు లేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని, చెప్తే ఎందుకు చెప్పావని. మా అల్లూరు రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్ళు నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోతలో కూడా ఆ గొంతు గుర్తుపట్టేవాళ్ళు. పాపం మాస్టారని వీధంతా జాలిపడేది. ఆయనేమో గామా కిరణ విస్ఫోటాల ధ్యాసలో హాయిగా ఉండేవారు. ఎక్కడో నక్షత్రం కూలిపోతూ చిమ్మే వెలుగు అది.

ఓ సాయంత్రం సముద్రం ఒడ్డున మాస్టారు నాకు పడవ దీపం చూపించారు.

"ఏరా, అది దగ్గరుండే చిన్న దీపమా, దూరంగా ఉండే పెద్ద దీపమా?"

"ఒడ్డుకొచ్చినాక చూస్తే పోలా సార్?"

"గామా విస్ఫోటం ఒడ్డుకొస్తే నువ్వూ ఉండవు, నేనూ ఉండను, అల్లూరూ ఉండదు!"

అది క్షణాల్లో అయిపోతుందట. వెనక మిగిలిన వెలుగు ఎరుపు వైపు ఎంత సాగిందో చూసి దూరం కడతారట. "దూరం తేలకుండా వెలుగెంతో చెప్పబాక" అన్నది ఆయన రోజూ అనే మాట.

"దూరం తేలినాక కూడా పెద్దపెద్దోళ్ళు బోల్తా పడినారు" అన్నారు. "వెలుగు అన్ని దిక్కులకీ పోతాందని లెక్కేస్తే నమ్మలేనంత శక్తి వచ్చింది. నిజానికది టార్చిలైటు మాదిరి ఒక పక్కకే పోతాది. మన కంట్లో పడింది కాబట్టి అంత అనిపిస్తాది." ఆపైన గొంతు తగ్గించారు. "మీ అమ్మగారూ అంతే. ఇంకెవర్నన్నా పల్లెత్తు మాట అన్నిందా? గురి అంతా నా మీదనే. నాలుగు దిక్కులా కలిపి చూడు, ఆమె కోపం గుప్పెడు."

ఫిజిక్స్ నాకు అరకొరగానే వచ్చింది. మనుషుల్ని తొందరపడి కొలవకూడదని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రుణం తీరేది కాదు.

కర్మలయ్యాక పలకరించడానికి వెళ్ళాను. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ చూడలేదు.

"నిజం చెప్పు. నా నోటికి జడిసి బతికినన్నాళ్ళూ ఏడ్చినాడా ఆయన?" అని అడిగారు అమ్మగారు. "తిట్టి తిట్టి నేనే చంపేసినానంట. వీధిలో అంటా ఉండారు."

నాకు దుఃఖం ఆగలేదు. టార్చిలైటు లెక్క మొత్తం చెప్పాను. ఎరుపు వైపు సాగడం దగ్గర తడబడ్డాను గానీ, గుప్పెడు కోపం మాత్రం తప్పు లేకుండా చెప్పాను.

ఆవిడ లేచి మాస్టారి ఫొటో ముందు నిలబడ్డారు.

"వాడికి చెప్పినావు సరే, నాకు చెప్పేదానికి నోరు పడిపోయిందా నీకు?"

కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు పెరుగుతూనే ఉంది. జనం ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చారు. ఎదురింటావిడ చీపురు చంకలో పెట్టుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, చివరిదాకా వింటూ నిలబడిపోయింది.