కర్త తెలియదు

కొత్తగా పుట్టిన దేశానికి రాజధాని అయిన జూబాలో, సాంస్కృతిక మంత్రిత్వశాఖ గోడవారన న్యానుత్ అల్లం టీ కాస్తుంది. బొగ్గు పొయ్యికి విసనకర్రతో విసురుతూ, చెంచాతో గ్లాసు అంచున మూడుసార్లు కొట్టి ఏదో గొణుగుతుంది. ఆ గొణుగుడే పాట. ఆమె పుట్టింది పశువులే ఆస్తిగా బతికే దింకా తెగలో. అక్కడ ఎద్దుకో పాట, పగకో పాట. కట్టినవాళ్ళ పేరులేని పాట ఆమె దృష్టిలో పలుపు లేని ఎద్దు. ఎవడు తోలుకుపోయినా అడిగే దిక్కుండదు. ఎన్ని దేశాలు తిరిగినా పాటకింత కాపలా మరెక్కడా కనబడదు.

కొత్త దేశపు తొలి కవితా సంకలనం అచ్చయిన ఉదయం, సంపాదకుడు మజోక్ ఆమె దగ్గర టీ తాగుతూ అందులోంచి గర్వంగా ఒక పాట చదివాడు. యుద్ధంలో పోయిన తమ్ముడి ఎద్దు మీద ఆమె కట్టిన పాటే అది. కింద ‘జానపదం, కర్త తెలియదు’ అని ఉంది.

విసనకర్ర ఆగింది. "తెలియదా? ఈ పీట మీదే కూర్చుని నా నోటినుంచి రాసుకున్నావు కదరా! నా పేరున్న చరణమేదీ?"

"పేజీలో చోటు చాల్లేదు పెద్దమ్మా. అయినా ఇప్పుడది జాతి పాట."

"జాతి ఏడ్చిందా వాడి కోసం? ఏడ్చింది నేను!"

అతని గ్లాసు లాక్కుని టీ మట్టిలో పారబోసింది. మధ్యాహ్నానికల్లా అతని దొంగతనం మీద కొత్త పాట కట్టింది. మొదట తన పేరు, వెనకే మజోక్ పేరు, వాళ్ళ నాన్న పేరు, వాళ్ళింటి కుంటి ఎద్దు పేరు. మూడోనాటికి ఆఫీసు గుమాస్తాలంతా అదే పాడుకుంటున్నారు.

మజోక్ వచ్చి బతిమాలాడు. "పెద్దమ్మా, మా నాన్న పేరైనా తీసెయ్యి."

"ఎందుకు నాయనా? నా పాటలో చోటుకేం కొదవలేదు."