క్యారియర్‌లో సగం ఒబ్బట్టు

నా చిన్నప్పుడు బంగారు గనిలో పగటి షిఫ్టు వదిలే హూటర్ మోగగానే, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి మా ఇళ్ళ లైను చివరికి పరుగెత్తేవాణ్ణి. మా నాయన చేతిలోని టిఫిన్ క్యారియర్ లాక్కుని అక్కడే మూత తీసేవాణ్ణి. అడుగు గిన్నెలో రోజూ ఏదో ఒకటి ఉండేది. సగం ఇడ్లీయో, చారులో నానిన రాగి ముద్ద ముక్కో. భూమి అడుగుకు పోయి వచ్చిన ఆ ముక్కకు ఇంట్లో తిండికి లేని రుచి ఉండేది. మా నాయనకు అన్నం సరిగా సయించదని, అందుకే మిగిలిపోతుందని అనుకునేవాణ్ణి.

గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు, లోపల బండ విరిగిపడి మా నాయన పోయాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆ ఇంట్లో ఇక నేనూ, నాయనను కన్న మా అవ్వా మిగిలాం. ఇల్లు గనివాళ్ళది. ఉగాది దాటగానే ఖాళీ చేసి, సుగటూరులో సేద్యం చేసుకునే మా పెదనాయన ఇంటికి పోవాలి. అవ్వ తన పొయ్యి ముందు కూర్చునే చివరి పండగ అదే.

పండగ ముందు రోజు పెదనాయన సామాను చూసుకోవడానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండకుండా, "సావు జరిగిన ఇల్లు. ఏడాది తిరిగేదాకా ఒబ్బట్లు గిబ్బట్లు అని పెనం పెట్టేవు. వద్దు," అన్నాడు. మరి మీ ఇంట్లో పిల్లోళ్ళకప్పా, అని అవ్వ మెల్లగా అడిగింది. "వాళ్ళకేమి? మా అత్తగారింటి నుంచి వస్తాయి. పుట్టింటోళ్ళు చేసి పంపితే తప్పు లేదు కదా," అని బస్సుకు వెళ్ళిపోయాడు.

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. తర్వాత దొరికిన కాగితమల్లా కూడబలుక్కుని చదివి నా అంతట నేనే నేర్చుకున్నాను. తండ్రి పోయిన పిల్లవాడి నోటికి తీపి తగలకూడదని ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. తమ పిల్లలకు దారి చూసుకుని పక్కవాడి పిల్లలకు అడ్డం పెట్టే ఇలాంటి నియమాలు ఎవరు చేశారో గానీ, వాళ్ళ మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

అవ్వ మాత్రం కోప్పడలేదు. కాసేపు గడప మీద కూర్చుని లేచి, రెండిళ్ళ మధ్య ఉన్న వెదురు తడిక దగ్గరికి పోయి పక్కింటి అక్కను పిలిచింది. ఆమె తమిళామె. వాళ్ళకు సంవత్సరాది వేరే.

"రేపు నీకేమన్నా పండగనా అమ్మా?"

"నాకేమి పండగ అవ్వా? మా కొత్త వరుషం పుట్టేదానికి ఇంకా దినాలుండాయి."

"అయితే నీ పొయ్యికి అడ్డం లేదు. ఈ వయసులో నాకు పుట్టిల్లు యాడుండాదా అని చూస్తాన్నా. ఇదో, తడిక అవతలే ఉండాది."

అక్క పకపకా నవ్వింది. "అయితే నేను మీకు అమ్మనా? ఇంగ చెప్పిన మాట వినల్ల!"

ఇద్దరికి వండడం పెళ్ళికి వండడం కన్నా కష్టమనేది అవ్వ. కందిబేడలు చిప్పతో కొలిచి, కొంచెం వెనక్కి తీసి, మళ్ళీ ఒక పిడికెడు వేసింది. ఉడికిన బేడల నీళ్ళూ, ఒక ముద్ద పూర్ణమూ మరుసటి రోజు చారుకు తీసిపెట్టాలి. మిగిలిన పిండి రొట్టెకు. తెల్లవారాక అన్నీ తడిక దాటించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తను చేయలేదని పెదనాయనకు నిజమే చెప్పాలి కదా. నోరు మాత్రం ఆగలేదు.

"బేడలు గుజ్జు కానీయొద్దమ్మా! ఆ నీళ్ళు పారబోసేవు!"

"మీ ఆస్తి భద్రంగా ఉండాదవ్వా, ఇంగ అరవద్దండీ!"

రెండు పెద్ద ఒబ్బట్లు వచ్చాయి. అవ్వ వేడివేడిగా ఒకటి నా ఆకులో వేసి నెయ్యి పోసింది. రెండోది, మేకుకు వేలాడుతున్న నాయన క్యారియర్ దించి, అడుగు గిన్నెలో పెట్టి మూత వేసింది. నీకు వద్దా అంటే, "నీ తిండి నువ్వు తిను," అంది.

నాయన పోయినప్పటి నుంచి హూటర్ మోగితే నేను చెవులు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఆ రోజూ మోగింది. చేతులు తీసేసరికి లైను చివర నుంచి అవ్వ కేక వినిపించింది. నా కాళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. అవ్వ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. మూత తీస్తే సగం ఒబ్బట్టు.

"మీ నాయన భాగం సగం నేను తిన్నా," అంది. "వాడు మాత్రం ఆకలి లేకనా మిగిలిస్తా ఉండింది? నువ్వు ఇట్ల పరిగెత్తుకోని వచ్చేది చూడల్లని."

అక్కడే మట్టిలో కూర్చుని ఏడుస్తూ తిన్నాను.

మరుసటి రోజు మమ్మల్ని తీసుకుపోవడానికి పెదనాయన వచ్చే వేళకు, అవ్వ సొంత పొయ్యి మీద చారు మరుగుతోంది. వాసన చూసి, "ఇది ఒబ్బట్టు చారు కాదా?" అన్నాడు. "మా పుట్టింటోళ్ళు బేడల నీళ్ళు పంపించినారప్పా," అంది అవ్వ. ఆయన ముద్దలోకి పోయించుకున్నాడు. తిని ఇంకో గరిటె అడిగాడు.

సుగటూరులో అవ్వను ఏమి వండుదామని గానీ, ఎంత వండుదామని గానీ ఎవరూ అడగలేదు. పెట్టింది తినేది. ఉగాదికి ఇచ్చిన ఒబ్బట్టులో సగం కొంగులో దాచి నాకు పెట్టేది. నాకంటూ ఒక పొయ్యి ఏర్పడే నాటికి అవ్వ లేదు.

ఇప్పుడు గనులూ లేవు, ఆ హూటరూ లేదు. ఉగాదికి నేనూ నా భార్యా ఇద్దరమే. కొలతలు అవ్వవే, బేడల నీళ్ళు ఇప్పటికీ పారబోయము. ఆ క్యారియర్ మా ఇంట్లోనే ఉంది. అందులో సగం ఒబ్బట్టు పెట్టి మధ్యాహ్నం దాకా ఆగి తింటాను. మా నాయన మిగిల్చిన రుచి దొరుకుతుంది. కానీ పెనం మీది ఒబ్బట్టు ఒక్కటి, పూర్తిగా, వేడిగా, నెయ్యి వేసి మా అవ్వకు నా చేత్తో పెట్టలేకపోయాను.